షఫీఉద్దీన్ సీసా

సంతోష్‌నగర్,
అక్టోబరు 1985

ప్రియమైన బాపుకు,

ఈ ఉదయం దవాఖాన తలుపు తీయబోతే తాళంకప్పలో కొత్తిమీర కాడ ఒకటి ఇరుక్కుని ఉంది. గుడిమల్కాపూర్ నుంచి వచ్చే కూరగాయల బండి ఏదో తలుపుకు రాసుకుంటూ పోయినట్టుంది. తాళంచెవి తిప్పగానే పచ్చి వాసన వచ్చింది. రోజంతా స్పిరిటు వాసనలో కూర్చునే నాకు అదే పెద్ద విశేషమైంది. నీకు రాయాలనిపించింది.

నీ కుడిచెయ్యి ఎలా ఉంది? రైల్వే డాక్టరు చెప్పినట్టు బంతి పట్టుకుని నొక్కుతున్నావా? అన్నయ్య ఇంట్లో ఊరికే కూర్చోవడం నీకు కష్టమే. అమ్మను నా గురించి దిగులు పడవద్దను. చిన్నమ్మ నన్ను బాగానే చూసుకుంటోంది. పుస్తకం పట్టుకుంటే మాత్రం లైటు ఆర్పేస్తుంది.

ఇరవై ఏళ్ళు నువ్వు కాంపౌండరుగా కూర్చున్న కుర్చీలో కూర్చోవడం మెల్లగా అలవాటవుతోంది. నల్లమందు అలవాటుతో వచ్చేవాళ్ళకు నువ్వు నేర్పినట్టే చేస్తున్నాను. మనిషికొక సీసా, సీసా మీద పేరు, పేరు కింద ఎర్ర అక్షరాలతో 'నల్లమందు టింక్చర్'. డాక్టర్ ప్రకాశం గారు రాసిన ప్రకారం మందు కొద్దికొద్దిగా తగ్గించి, తగ్గించినంత నేలవేము కషాయం పోస్తున్నాను. రంగు కోసం కాల్చిన బెల్లం. ఎవరి గ్లాసు వాళ్ళు తెచ్చుకుని, కౌంటరు ముందే తాగి పోతున్నారు. చేదు చేదుగానే ఉంటుంది కనుక ఎవరికీ అనుమానం రాలేదు.

కార్వాన్‌లో కలాయి పూసే షఫీఉద్దీన్ చాచా సంగతి చెప్పాలి. బక్రీద్ నుంచి ఆయన సీసాలో నల్లమందు చుక్క కూడా లేదు. అంతా నేలవేమే. ఆయన మాత్రం రోజూ వచ్చి, తానే కలాయి వేసుకున్న చిన్న ఇత్తడి గ్లాసు చాపుతారు. నిన్న తాగి మూతి తుడుచుకుని, "మీ బాపు చెయ్యి జర కంజూస్ బేటీ. నీ చెయ్యి మంచిది. ఈ నడుమ మందు మస్తు కడక్ అయింది," అన్నారు. వెనక నిలబడ్డ రాజన్న, "అయితే నాకు గూడ గా సీసలకెల్లే పొయ్యమ్మా," అని లొల్లి పెట్టాడు. "నీ మొగానికి గదొక్కటే తక్కువ," అన్నారు చాచా. నేను తల దించుకుని కౌంటరు తుడిచాను. నవ్వు ఆపుకోవడం కష్టమైంది.

ఆయన మళ్ళీ కొలిమి ముట్టించారట. ముసలాయన రెండు పూటలా తింటున్నాడని కూతురు రహీమా వచ్చి చెప్పింది. ఇక చెప్పేద్దామా బాపూ? నువ్వు భిక్షపతికి చేసినట్టే, లేబులు చింపి, సీసా ఆయన చేతిలో పెట్టి, ఇన్నాళ్ళూ మీరు తాగింది నేలవేము అని చెప్పాలని ఉంది. కాన్వెంటులో సిస్టర్ల దగ్గర చదివినదాన్ని. అబద్ధం నోటితో అనకపోయినా రోజూ చేత్తో పోస్తున్నట్టుంటుంది.

నల్లమందు, గంజాయి అన్నిటికీ కలిపి ఢిల్లీలో కొత్త చట్టం అయిందని పేపర్లో వచ్చింది. మనలాంటి చిన్న దవాఖానల సంగతి ఏమిటో అందులో లేదు.

నీ బిడ్డ,
రాజమణి


కాజీపేట,
నవంబరు మొదట్ల

బిడ్డా రాజమణీ,

నీ ఉత్తరం వచ్చింది. ఎడమచేత్తోటి రాస్తున్న, అక్షరాలు కోడి గీకినట్టుంటయి. నవ్వకు. మీ అమ్మ నవ్వింది చాలు.

షఫీ భాయ్ కొలిమి ముట్టించిండంటే నాకు మస్తు సంతోషమైంది. నేను కంజూస్ అన్నడా? గట్లనే అనుకోనియ్. కని చెప్పుడు మాత్రం ఇప్పుడే వద్దు. చలికాలం దాటనియ్. ఎందుకో చెప్త విను.

నువ్వు చిన్నగున్నప్పుడు మొగులయ్య అని బండి తోలేటోడు ఉండె. వానిది గూడ గిట్లనే ఉత్త నేలవేముకు తెచ్చిన. నాకు ఆగబుద్ధి కాక దసరాకే సీస చేతిల పెట్టిన. వాడు నవ్వలె, ఏడ్వలె. "అంటే ఇన్ని దినాలు నన్ను ఏమార్చినవా ఇస్సాకన్నా," అన్నడు. చలి పడంగనే ఒళ్ళు గుంజిందట, మల్ల దానికే పోయిండు. మల్ల మన గడప తొక్కలె. ఒళ్ళు నొప్పులు, జలుబు, వాన ముసురు, అన్నీ దాన్నే యాదికి చేస్తయి బిడ్డా. ఒక్క చలికాలం దాటినోడు మల్ల పోడు. భిక్షపతిది గట్లనే దాటించిన. వాడు సీస పట్టుకోని బజార్ల అందరికి చూపెట్టుకుంట పోయిండు గదా. ఇప్పుడు వాని పెండ్లాం దాంట్ల ఆముదం పోసుకుంటుందట.

అందుకే శివరాత్రి దాటినంక చెబుదాం. అప్పటికి నేనొస్త. సీస నేనే ఇస్త. అప్పటిదాంక మనిషి ముందట సీసల ఏముందో ఎన్నడు నోరు జారొద్దు. డాక్టరు సాబ్ అడిగినా, ఇంకెవరు అడిగినా సరే, మనిషి ముందట వద్దు. మన పని అంత ఈ ఒక్క మాట మీదనే నిలబడ్డది.

చట్టం గురించి ఫికర్ చెయ్యకు. డాక్టరు సాబ్ పేరు మీద లైసెన్సు ఉన్నది.

మీ బాపు,
ఇస్సాకు


సంతోష్‌నగర్,
నవంబరు చివర, 1985

ప్రియమైన బాపుకు,

మొన్న దవాఖానకు ఆబ్కారీ శాఖ వాళ్ళు వచ్చారు.

కొత్త చట్టం అమల్లోకి వచ్చిందట. పాత లైసెన్సులు చెల్లుతాయో లేదో తేలాలి, రాష్ట్రం రూల్సు ఇంకా రావాలి, అంతవరకు నల్లమందు ఎక్కడున్నా సీలు వేసి ఉంచమన్నారట. ఇన్‌స్పెక్టరు పేరు సోమశేఖర్. గట్టిగా ఒక్క మాట అనలేదు. ఉదయం మందు పోసే వేళకే వచ్చారు. డాక్టరు గారు గుంటూరులో ఉన్నారు.

"మేము గూడ ఏం చెయ్యాలమ్మా. దీంట్ల పట్టుబడితే పదేండ్లు. లక్ష రూపాయల జుర్మానా. మా మీదికి గూడ వస్తది," అన్నారు. చేతిలో చట్టం కాపీ ఉంటే అడిగి అక్కడే చదివాను. వ్యసనపరులకు ప్రభుత్వం చికిత్స కేంద్రాలు పెట్టవచ్చని, అక్కడ మందు కూడా ఇవ్వవచ్చని అందులోనే ఒక చోట ఉంది. అది చూపించాను. "అవి పెట్టినప్పుడు కదమ్మా," అన్నారు. ఆయన చెప్పింది నిజమే.

పెద్ద సీసాకు సీలు వేశారు. తరవాత పేర్లున్న చిన్న సీసాలు. వాటి మీదా ఎర్ర అక్షరాలు ఉన్నాయి కదా. షఫీఉద్దీన్ చాచా సీసా కూడా తీసుకుని, గుడ్డ చుట్టి, లక్క కరిగించి ముద్ర వేశారు. నేలవేముకు ముద్ర వేశారు బాపూ. అన్నీ అల్మారాలో పెట్టి తాళానికీ ముద్ర వేసి, "ఇంకేమన్నా చెప్పేదుందా అమ్మా?" అని అడిగారు. "లేదండీ," అన్నాను.

డాక్టరు గారు వచ్చాక రాజన్నకూ మిగతా వాళ్ళకూ పెద్దాసుపత్రికి చీటీలు రాశారు. కొందరు వెళ్ళారు. కొందరు ఎటు వెళ్ళారో తెలియదు. చాచా సంగతి అడిగితే, "చెప్పాలా వద్దా అన్నది మీ నాన్నకే తెలుస్తుంది, ఆయన్ని అడుగు," అన్నారు.

ఆ రోజు నుంచి చాచా రాలేదు. నేను వేరే సీసాలో కషాయం కాచి సిద్ధంగా ఉంచాను. రేపు కార్వాన్ వెళ్ళి పిలుచుకు వస్తాను. ఇప్పుడైనా చెప్పమంటావా? చలి మొదలైంది. మొగులయ్య సంగతి నువ్వు రాసిన దగ్గర్నుంచి నాకు భయంగా ఉంది. వెంటనే జవాబు రాయి.

నీ బిడ్డ,
రాజమణి


కాజీపేట

బిడ్డా,

నీ ఉత్తరం ఇయ్యాలనే అందింది. అన్న స్టేషన్‌కు పోతుండు, వాని చేతికిచ్చి ఆర్.ఎం.ఎస్. డబ్బాల వేయిస్తున్న.

నీకు నోరెందుకు రాలేదే? సార్, ఇది ఉత్త కషాయం, కావాలంటే నాకి చూడండి అని ఒక్క మాట అనొచ్చు గదా. కాన్వెంటుల ఇంగ్లీషు నేర్పిన్రు గని నోరు తెరుసుడు నేర్పలె. చిన్నప్పటికెల్లి గంతే. చుట్టాలొస్తే పుస్తకం తీస్కోని మూలకు పోతివి.

పోనియ్. ఇప్పుడు చెప్పేది మంచిగ విను. చలికాలం గిలికాలం ఏం లేదు. ఇది అందంగనే కార్వాన్‌కు పో. చాచాకు చెప్పెయ్. నీ ముందటనే కషాయం తాపియ్. నీ ఒంట్ల అది లేదు, నువ్వు బాగైనవ్ అని చెప్పు. కోపం చేస్తే నన్ను తిట్టుమను. ఇస్సాకే చేసిండని చెప్పు.

ఇంకోటి, అన్నిటికన్న పెద్దది. ఎక్కడన్న దొరికిందని పాత మోతాదు తింటడేమో. పాత మోతాదు ఇప్పుడు ఆ ఒళ్ళు తట్టుకోదు, పానం పోతది. రహీమాకు గూడ చెప్పు. అల్లుడు రజాక్ లారీ మీద పోతుంటడు గదా, వానికి గూడ చెప్పు. లేట్ చెయ్యకు.

బాపు


సంతోష్‌నగర్,
డిసెంబరు 1985

ప్రియమైన బాపుకు,

నీ ఉత్తరం అందింది. అప్పటికి షఫీఉద్దీన్ చాచాను మట్టి చేసి ఒక రోజు దాటింది.

జరిగింది జరిగినట్టు రాస్తాను. నేను రాసినట్టే మర్నాడు కార్వాన్ వెళ్ళాను. చాచా బొంత కప్పుకుని పడుకుని ఉన్నారు. చెమటలు, వణుకు, ముక్కు కారడం, కాళ్ళు గుంజడం, మందు ఆగితే వస్తాయని నువ్వు పుస్తకంలో చూపించిన లక్షణాలన్నీ ఉన్నాయి. నెలల తరబడి ఒంట్లో నల్లమందు లేని మనిషికి అవన్నీ ఎలా వచ్చాయో నాకు అర్థం కాలేదు. మందు పోయిందన్న బెంగతోనే వచ్చాయని డాక్టరు గారు తరవాత చెప్పారు. కొలిమి చల్లారిపోయి ఉంది. దాని మీద ఎవరిదో సగం కలాయి వేసిన దేగిసా బోర్లించి ఉంది.

"చాచా, దవాఖానకు రండి. మీ కోసం వేరే సీసా పెట్టాను," అన్నాను.

ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. "నక్కో బేటీ. పదేండ్లంట గదా జైలు. నేను ఇన్న. నా ఒక్క గుక్క కోసం నువ్వు జైల్ల కూసుంటవా? నీకు ఇంకా షాదీ గాలె. ఇస్సాకు భాయ్‌కి నేను ఏం మొగం చూపెట్టాలె?"

"జైలు ఏమీ లేదు చాచా."

"నీకు తెల్వదు. నువ్వు పుస్తకాలల్ల ఉంటవ్. నేను లోకంల ఉంట."

అంత వణుకులోనూ నవ్వారు. నిజం నా నోటి దాకా వచ్చింది. అప్పుడే రహీమా చాయ్ పట్టుకుని వచ్చింది. నీ జవాబు ఇవాళో రేపో వస్తుంది, రాగానే చెప్పవచ్చు అనుకున్నాను. చాయ్ తాగి వచ్చేశాను.

ఆ సాయంత్రమే రజాక్ లారీ మీద నుంచి దిగాడు. మామ బాధ చూడలేక, తోవలో దాబాల దగ్గర అడిగి అడిగి నల్లమందు సంపాదించి తెచ్చాడు. ప్రాణానికి తెగించి తెచ్చాడు బాపూ, పట్టుబడితే వాడికీ పదేళ్ళే. చాచా సంతోషంగా తీసుకుని, తన పాత మోతాదు తనే గోలీ కట్టుకుని మింగారట. తెల్లవారి రహీమా లేపితే లేవలేదు.

నేను వెళ్ళేసరికి గల్లీ నిండా మనుషులు. మందు బంద్ చేసి సంపిన్రు అని ఆడవాళ్ళు అంటున్నారు. రహీమా నన్ను పట్టుకుని ఏడ్చింది. "అక్కా, నీ సీసల ఒక్క చెంచా తెచ్చి పోసినా బతుకుతుండె గదక్కా. మా ఆయన తెచ్చిండు గని అప్పటికే టైమ్ అయిపోయిండె," అంది. రజాక్ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నన్ను చూసి, "తెచ్చుడు జర లేట్ అయింది అక్కా. మొన్ననే తెస్తే బాగుండు," అన్నాడు.

నేనేమీ అనలేదు. నిజం చెబితే రహీమాకు తండ్రి బాగుపడ్డాడన్న మాట దక్కుతుంది, మొగుడి చేతుల్లోనే పోయాడన్న మాట కూడా దక్కుతుంది. రెండోది లేకుండా మొదటిది చెప్పే దారి నాకు కనిపించలేదు. నేను చేసింది తప్పో ఒప్పో నువ్వు చెప్పు.

నీ బిడ్డ,
రాజమణి


కాజీపేట,
క్రిస్మస్ ముందట

బిడ్డా రాజమణీ,

ఉత్తరం మీ అమ్మతోటి చదివిచ్చుకున్న. నేను మల్ల చదవలేకపోయిన. ఇద్దరం అన్నం తినలె.

రహీమాకు చెప్పకు. రజాక్‌కు అసలే చెప్పకు. నువ్వు ఊకున్నదే మంచిగైంది. ఇది మన ఇద్దరి కడుపులనే ఉండనియ్. చలికాలం దాటనియ్ అన్నది నేను. అక్టోబర్ల నువ్వు అడిగినప్పుడే సరే అంటే, చాచా సీస చేతిల పట్టుకోని, నన్ను బండబూతులు తిట్టుకుంట, బతికి ఉంటుండె. మొగులయ్యను యాది చేసుకోని షఫీ భాయ్‌ని ఆపిన. అందరి ఒళ్ళు, అందరి మనసు ఒక్కతీరుగ ఉంటదనుకున్న. నేను దవాఖానల ఇన్నేండ్లు చూసింది మనుషులనే గదా, మరి గింత మాట నాకు ఎందుకు తెల్వదు?

పోయిన ఉత్తరంల నిన్ను నోరు లేదన్న. మనసుల పెట్టుకోకు. అయినా ఒక్కటి అడుగుత, తిట్టెటందుకు కాదు. ఆ దినం ఇన్‌స్పెక్టర్ అడిగితే ఎందుకు చెప్పలె? భయపడ్డవా? చెప్పాలనిపిస్తెనే చెప్పు.

చర్చిల షఫీ భాయ్ కోసం ఒక కొవ్వొత్తి పెట్టిన. వాళ్ళు మనోళ్ళు గాదు గదా అన్నది మీ వదిన. ఊకో అన్న.

మీ బాపు


సంతోష్‌నగర్,
మార్చి 1986

ప్రియమైన బాపుకు,

ఇన్నాళ్ళు రాయలేదు. కోపం వచ్చి కాదు. రాయడానికి కూర్చుంటే మొదటి వాక్యం దొరికేది కాదు.

డాక్టరు గారి పేర కొత్త లైసెన్సు వచ్చింది. సోమశేఖర్ గారే వచ్చి సీళ్ళు తీశారు. కొత్త పద్ధతి ప్రకారం ప్రతి సీసా మూత తీసి చూడాలట. రాజన్నది చూశారు, మిగతావి చూశారు. చాచా సీసా మూత తీసి వాసన చూసి ఆగిపోయారు. అరచేతిలో చుక్క వేసుకుని నాలుకకు అంటించుకున్నారు.

"ఇది నేలవేము గదమ్మా. జ్వరమొస్తే మా అమ్మ తాపేది."

"అవునండీ."

"దీంట్ల నల్లమందే లేదు. దీనికి ఏ చట్టమూ అడ్డం రాదు. ఆ పొద్దు ఒక్క మాట చెబితే దీన్ని ముట్టకపోదును గదా."

ఆయన సీసాను వెలుతురుకు ఎత్తి పేరు చదివారు. "ఈ పెద్దమనిషి బాగున్నడా?" అని అడిగారు. పోయారని చెప్పాను. ఆయన సీసా కింద పెట్టి, మూత తానే బిగించి, ఇంకేమీ అడగకుండా సంతకం చేసి వెళ్ళారు. చెడ్డ మనిషి కాదు బాపూ.

రాజన్న మళ్ళీ వస్తున్నాడు. పెద్దాసుపత్రి వరసలో నిలబడలేక మధ్యలో మానేశాడట, బాగా చిక్కిపోయాడు. మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఈసారి పద్ధతి మార్చానని చెబితే నువ్వు కాదనవని అనుకుంటున్నాను. "రాజన్నా, ఇవాళ ఇంత మందు, ఇంత నేలవేము. వచ్చే వారం ఇది తగ్గుతుంది, అది పెరుగుతుంది," అని అతని ముందే కొలిచి పోస్తున్నాను. మొదటి రోజు బాగా లొల్లి చేశాడు. "చెప్పకుంట పోస్తే తాగుదును గదమ్మా, చెప్పి పోస్తే ఇంకింత చేదుంది," అన్నాడు. అయినా వస్తున్నాడు.

నిన్న రహీమా వచ్చింది. తండ్రి పేరు రాసిన సీసా ఉందని ఎవరో చెప్పారట, జ్ఞాపకంగా ఇస్తావా అక్కా అని అడిగింది. కషాయం పారబోసి, వేడినీళ్ళతో కడిగి, కింద ఎర్ర అక్షరాలున్న ముక్క వరకు చింపేసి ఆమె చేతిలో పెట్టాను. ఆ సీసా మన దవాఖానలో ఎవరికి ఇస్తామో ఆమెకు తెలియదు. కొంగులో చుట్టుకుని, "దీంట్ల కొబ్బరినూనె పోసుకుంట," అంది. సరే అన్నాను.

నీ చేతికి బంతి నొక్కడం మానవద్దు. అమ్మకు నా ముద్దులు.

నీ బిడ్డ,
రాజమణి

తా.క. నువ్వు అడిగిన ప్రశ్నకు జవాబు రాయకుండానే ముగించాను. భయపడలేదు బాపూ. ఇంకేమన్నా చెప్పేదుందా అని సోమశేఖర్ గారు అడిగినప్పుడు, షఫీఉద్దీన్ చాచా వరసలో అందరికన్నా ముందు, ఇత్తడి గ్లాసు నా వైపు చాపి నిలబడి ఉన్నారు.